ఉతుకుతూ ఉతుకుతూ.. ఆగిందా?
మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు ఓ పావుగంట ఇవి చూడండి

మోటారు గిర్రుమంది. నీళ్లు పట్టింది. బట్టలు నాలుగు చుట్లు తిరిగాయి. అంతలోనే చప్పుడు ఆగిపోయింది. తలుపు తీద్దామంటే రాదు.. బటన్ నొక్కితే పలకదు. లోపల నురగ నీళ్లలో ఇంటిల్లిపాది బట్టలు. తెల్లారితే బడికి వేసుకెళ్లాల్సిన యూనిఫాం కూడా అందులోనే!

వాషింగ్ మెషిన్ ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే తంటా ఇది. వెంటనే గుర్తొచ్చేది మెకానిక్. పెద్ద నగరాల్లో ఫర్వాలేదు. సరిహద్దు వెంబడి చిన్న ఊళ్లలో కంపెనీ మనిషి జిల్లా కేంద్రం నుంచి రావాలి. ఆయన వచ్చేదాకా తడి బట్టలు కంపు కొడతాయి. వచ్చాక చూసి ‘కొళాయి సగమే తిప్పారు’ అని చెప్పినా రాకపోకల ఛార్జీ ఇచ్చుకోక తప్పదు.

మధ్యలో ఆగిన మెషిన్ చెడిపోయిందనే అనుకోనక్కర్లేదు. నీళ్లు చాలక, మురికినీరు బయటికి పోక, బరువు ఓ పక్కకు ఒరిగి, కరెంటు నిలకడగా లేక తనకు తానే ఆగేలా దాన్ని తయారు చేశారు. ఈ నాలుగింటినీ ఇంట్లోవాళ్లే చూసుకోవచ్చు. పానా, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

నిజంగానే ఆగిందా?
ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ‘సోక్’ పెడితే బట్టలు నానే వరకు మెషిన్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. మధ్యమధ్య ఓ చుట్టు తిప్పి మళ్లీ ఊరుకుంటుంది. ముందు తలుపు ఉండే ఫ్రంట్‌లోడ్ మెషిన్లో వేడినీళ్ల ఉతుకు పెట్టినప్పుడు నీళ్లు కాగేదాకా తెరపై నిమిషాలు కదలకపోవచ్చు. 60 డిగ్రీలు పెట్టి, పది నిమిషాలకే ఆగిందనుకుని స్విచ్ కట్టేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

పిల్లలు నొక్కకుండా ఉండే ‘చైల్డ్ లాక్’ పొరపాటున పడినా బటన్లు పలకవు. తాళం గుర్తు వెలుగుతుంటే ఆ బటన్‌ను కొన్ని సెకన్లు అదిమిపట్టాలి. ఇక తలుపు సంగతి. మెషిన్ ఆగినా తలుపు తాళం విడిపోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. లోపల నీళ్లుంటే అసలు రాదు. గుంజితే పిడి విరుగుతుంది, దాని ఖర్చు వేరే.

ఎక్కడ ఆగిందో గమనించండి
మెకానిక్ రాగానే అడిగే మొదటి ప్రశ్న ‘ఏ దశలో ఆగింది?’ అనే. మొదట్లోనే, నీళ్లు పట్టకుండా ఆగితే కొళాయి వైపు చూడాలి. మురికినీళ్లు డ్రమ్ములోనే నిలిచిపోతే బయటికి పోయే పైపు వైపు. పిండే ముందు దడదడలాడి ఆగితే బరువు వైపు. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోతే కరెంటు వైపు. సగం పని ఇక్కడే అయిపోతుంది.

నీళ్లు పట్టకపోతే..
బళ్లారిలో నల్లి, షోలాపూర్‌లో నల్లా, యానాంలో కొళాయి.. పేరేదైనా ధార బలంగా లేకపోతే మెషిన్ కాసేపు ఎదురుచూసి ఆగిపోతుంది. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే కొళాయి దగ్గర ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒక్క అంతస్తు ఇంటి మిద్దెపై ట్యాంకు పెట్టి, కింద మెషిన్ పెడితే ఎత్తు తేడా రెండు మూడు మీటర్లే. అంటే 0.2, 0.3 బార్. చాలా మెషిన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ దాకా కావాలి. మీ దానికి ఎంత కావాలో వెంట వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్న పొద్దున పూట బాగా ఉతికి, సగానికి తగ్గిన మధ్యాహ్నం మొరాయించే మెషిన్ల రహస్యం ఇదే.

బకెట్టుతో పరీక్ష చేయొచ్చు. మెషిన్‌కు బిగించిన కొళాయి కింద పది లీటర్ల బకెట్టు పెట్టండి. నిండేసరికి రెండు మూడు నిమిషాలు పడితే ధార తక్కువే. ట్యాంకును దిమ్మె కట్టి ఎత్తితే మీటరుకు 0.1 బార్ చొప్పున పెరుగుతుంది. కుదరకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి. పైనుంచి బట్టలు వేసే టాప్‌లోడ్ అయితే ఆ పూటకు బకెట్లతో నీళ్లు పోసినా సరిపోతుంది. అవసరమైన మట్టానికి రాగానే అదే తిరగడం మొదలెడుతుంది. నల్లా నీళ్లు రోజూ రాని ఊళ్లలో చాలా ఇళ్లు ఇలాగే నెట్టుకొస్తున్నాయి.

ధార బాగున్నా నీళ్లు పట్టకపోతే జల్లెడ చూడాలి. నీళ్ల పైపు మెషిన్‌కు బిగించే చోట, లోపల వేలి గోరంత జాలీ ఉంటుంది. బోరు నీళ్ల ఇసుక, ట్యాంకు అడుగు మడ్డి అక్కడే చేరతాయి. కొళాయి కట్టేసి, ప్లగ్గు తీసి, పైపు మర విప్పి, జాలీని మెల్లగా లాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు. పైపు ఎక్కడైనా మడత పడిందేమో కూడా చూడండి. మెషిన్‌ను గోడకు నెట్టేసిన ఇళ్లలో ఇది మామూలే.

ఉప్పు నీళ్లతోనే పెద్ద చిక్కు
కోలారు, పావగడ, కృష్ణగిరి ప్రాంతాల్లో లోతు బోర్ల నీళ్లు ఎలా ఉంటాయో కొత్తగా చెప్పక్కర్లేదు. బిందె అంచున తెల్లటి చార, కొళాయి మూతికి సున్నపు పెచ్చులు. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే దారి లేకుంటే 600 దాకా ఫర్వాలేదనీ భారత ప్రమాణాల సంస్థ లెక్క. ఈ ఊళ్లలో చాలా బోర్లు మొదటి హద్దును దాటేసినవే.

అదే సున్నం మెషిన్ లోపలా పేరుకుంటుంది. నీళ్లు కాచే హీటరుపై పెచ్చు కడితే వేడి త్వరగా ఎక్కదు. మెషిన్ ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. కొన్నాళ్లకు హీటరే కాలిపోతుంది. అందుకే రెండు మూడు నెలలకోసారి బట్టలు వేయకుండా సున్నం వదిలించే పొడి వేసి వేడినీళ్లతో ఒక ఉతుకు నడిపించాలి. కంపెనీ పొడి దొరక్కపోతే కిరాణా కొట్లో అమ్మే నిమ్మఉప్పు వంద గ్రాముల దాకా వాడొచ్చు. అయితే దాంతోపాటు బ్లీచింగ్ ద్రావణం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. రెండూ కలిస్తే ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

చన్నీళ్లతోనే ఉతికేవారికి హీటరు బెడద లేదు. జాలీలు, నీళ్లు వదిలే వాల్వులు మాత్రం గట్టిపడతాయి. మంచినీటి పథకం నీళ్లు వచ్చే రోజున ఉతుకు పెట్టుకుంటే బట్టలకూ మంచిది, మెషిన్‌కూ మంచిది.

మురికినీరు పోకపోతే..
డ్రమ్ములో నీళ్లు అలాగే ఉండి మూలుగు వినిపిస్తే నీళ్లు తోడే పంపు ఇబ్బంది పడుతోందని అర్థం. ఫ్రంట్‌లోడ్ మెషిన్లో ముందు వైపు, కింద మూలన చిన్న తలుపు ఉంటుంది. దాని వెనక గుండ్రటి మూత.. అదే ఫిల్టరు. విప్పితే ఇంటి చరిత్రంతా బయటపడుతుంది. రూపాయి బిళ్లలు, పిన్నీసులు, చొక్కా గుండీలు, జుట్టు ఉండలు, పసివాళ్ల సాక్సు. సండూరు, హోసపేట గనుల వైపు బట్టల్లోంచి ఎర్రమట్టి దిగుతుంది. షోలాపూర్, భివండి మగ్గాల పని చేసేవారి బట్టల నుంచి దూది పీచు వచ్చి ముద్దకడుతుంది. ఇలాంటి ఇళ్లలో నెలకు కాదు, పదిహేను రోజులకోసారి ఫిల్టరు కడగాలి. బట్టల్ని ముందే బయట దులిపి వేస్తే ఇంకా మేలు.

విప్పే తీరు తెలియాలి. ముందు ప్లగ్గు తీయాలి. వేడినీళ్ల ఉతుకైతే చల్లారనివ్వాలి. పక్కనే ఉండే సన్నటి గొట్టం మూత తీసి నీళ్లను పళ్లెంలోకి వదలాలి. ఆ తర్వాతే ఫిల్టరును ఎడమ చేతి వైపు మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా లాగితే వంటింట్లో చెరువే! టాప్‌లోడ్‌లో డ్రమ్ము గోడకు ఉండే పీచు సంచిని ప్రతి ఉతుక్కూ దులపడం మరవొద్దు.

బయటి గొట్టం ఎత్తు కూడా ముఖ్యమే. చాలా ఫ్రంట్‌లోడ్ మెషిన్లకు అది నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో వంగి పోవాలి. నేలమీద పడేస్తే పట్టిన నీళ్లు పట్టినట్టే జారిపోతుంటాయి. మెషిన్ పడుతూనే ఉంటుంది, నీళ్లు పోతూనే ఉంటాయి, ఉతుకు మాత్రం మొదలవదు. మరీ ఎత్తుకు కడితే పంపు తోడలేదు. గొట్టం కొసను మోరీలో నీళ్లలో మునిగేలా దూర్చినా ఇదే గొడవ.

దడదడలాడి ఆగితే..
పిండే దశలో డ్రమ్ము నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది. ఒక్క దుప్పటే వేస్తే తడిసి ఓ మూల ముద్దవుతుంది. మెషిన్ సర్దడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించి, కుదరక ఆగిపోతుంది. తలుపు తీసి బట్టలు విడదీసి పరిచి మళ్లీ పెట్టాలి. ఒంటరి దుప్పటికి తోడు రెండు తువ్వాళ్లు వేస్తే బరువు సర్దుకుంటుంది. మరీ కుక్కినా అంతే. డ్రమ్ము పైన జానెడు చోటు వదలాలి.

నాలుగు కాళ్లూ నేలకు ఆనాయా? మెషిన్ పైన గ్లాసెడు నీళ్లు పెడితే వాలు తెలిసిపోతుంది. కాళ్ల మరలు తిప్పి సరిచేయొచ్చు. బదిలీ మీదో, వ్యాపారం మీదో ఇల్లు మారేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఫ్రంట్‌లోడ్ మెషిన్‌ను లారీలో తెచ్చేటప్పుడు డ్రమ్ము ఊగకుండా వెనక పొడవాటి బోల్టులు బిగిస్తారు. అవి తీయకుండా నడిపితే మెషిన్ గెంతుతుంది, పాడవుతుంది కూడా.

నురగ ఎక్కువైనా పిండడం ఆగిపోతుంది. చేత్తో ఉతికే పొడి నురగ కోసమే చేస్తారు. ఫ్రంట్‌లోడ్‌లో అది పడితే మెషిన్ నురగ తగ్గేదాకా నీళ్లు మారుస్తూ కూర్చుంటుంది. మెషిన్ పొడి వాడాలి.. అదీ చెప్పిన కొలతలోనే.

సెమీ ఆటోమేటిక్‌కు వేరే లెక్క
రెండు తొట్ల మెషిన్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. నీళ్లు తక్కువ వచ్చే ఊళ్లకు ఇవే నప్పుతాయి. వీటికి తెరలు, అక్షరాలు ఉండవు. ఉతికే తొట్టి ఆగితే అడుగున తిరిగే చక్రం కింద రుమాలో, నాడానో ఇరుక్కుందేమో చూడాలి. బరువు ఎక్కువై మోటారు వేడెక్కితే లోపలి రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. అరగంట చల్లారనిచ్చి, బట్టలు తగ్గించి పెడితే తిరుగుతుంది. మోటారు మూలుగుతూ తిరగకపోతే కెపాసిటరు పోయి ఉండొచ్చు. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

డ్రయ్యర్ వైపు మూత సరిగా పడకపోతే తిరగదు. అలాగని మూత స్విచ్‌ను తీగతో కలిపేసి, మూత తెరిచే తిప్పే ఇళ్లు లేకపోలేదు. తిరిగే డ్రయ్యర్‌లో చీర కొంగో, చెయ్యో చిక్కితే వేళ్లు పోతాయి. ఆ పని చేయనే చేయొద్దు.

కరెంటుతో జాగ్రత్త
ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. ఆరు శాతం అటూ ఇటూ.. అంటే 216 నుంచి 244 దాకా ఫర్వాలేదు. వేసవి సాయంత్రాల్లో, పంపుసెట్లు తిరిగే వేళల్లో ఊరి చివరి ఇళ్లకు ఇది బాగా పడిపోతుంది. బల్బు మినుకుమంటుంటే ఉతుకు పెట్టకపోవడమే మంచిది. పదేపదే ఆగుతుంటే ఎలక్ట్రీషియన్‌తో మెషిన్ తిరుగుతుండగానే వోల్టేజీ చూపించి, అవసరమైతే తగిన స్టెబిలైజర్ పెట్టించాలి.

కరెంటు పోతే కొన్ని మెషిన్లు ఆగిన చోటు నుంచే మొదలెడతాయి, కొన్ని మళ్లీ మొదటికి వెళ్తాయి. ఏదైనా సరే కరెంటు పోగానే స్విచ్ కట్టేయాలి. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారిగా పెరిగే వోల్టేజీకి లోపలి బోర్డు కాలుతుంది. వచ్చాక అయిదు నిమిషాలు ఆగి పెట్టాలి.

నీళ్లు కాచే మెషిన్ దాదాపు రెండు వేల వాట్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్టే కావాలి. పొడిగింపు బోర్డులు, రెండు పిన్నుల సర్దుబాట్లు పనికిరావు. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనక ఎర్త్ తీగ ఉండదు. తడి కాళ్లు, ఇనుప డొక్కు, ఎర్త్ లేని ప్లగ్గు.. ప్రాణం తీయడానికి ఈ మూడూ చాలు. మెషిన్ తాకితే చేయి జివ్వుమంటే ‘కొంచెమే కదా’ అనుకోవద్దు. చేయి తడుపుకోకుండా మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే కరెంటు లీకవగానే సరఫరా ఆగిపోతుంది. మెషిన్ ఖరీదుతో పోలిస్తే ఇది చిన్న ఖర్చే.

వరద నీళ్లు చేరితే..
2013 అక్టోబరులో పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం వైపు, 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు యానాంలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మునిగిన మెషిన్‌ను పైన తుడిచి ఆన్ చేయడం చాలా ప్రమాదం. మోటారు, బోర్డు, తీగలు ఆరి, మెకానిక్ చూసి సరేనన్నాకే ప్లగ్గు పెట్టాలి. వరద లేకపోయినా ఎలుకలు ఉన్నాయి. అడుగు నుంచి దూరి తీగలు, గొట్టాలు కొరికేస్తాయి. అడుగున జాలీ బిగించుకోవడం నయం.

తెరపై అక్షరాలు చెప్పేదేంటి?
ఆగిన మెషిన్ తెరపై రెండక్షరాలు చూపిస్తుంది. ఎల్‌జీ మెషిన్లలో ‘ఐఈ’ అంటే నీళ్లు రావడం లేదు. ‘ఓఈ’ అంటే నీళ్లు పోవడం లేదు. ‘యూఈ’ అంటే బరువు ఒరిగింది. ‘డీఈ’ అంటే తలుపు పడలేదు. శాంసంగ్‌లో ‘4ఈ’ లేదా ‘4సీ’ నీళ్లు రాకపోవడానికి, ‘5ఈ’ లేదా ‘5సీ’ నీళ్లు పోకపోవడానికి గుర్తు. వేరే కంపెనీలకు వేరే గుర్తులు. పుస్తకం చివరి పేజీల్లో పట్టిక ఉంటుంది. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంగ్లిష్ చదవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, నాలుగు గుర్తుల అర్థం తెలుగులో రాసి మెషిన్‌కు అంటిస్తే మీరు లేనప్పుడు వాళ్లు తడుముకోరు.

మెకానిక్ పనే అయితే..
కాలిన వాసన, పొగ, షాక్, అడుగు నుంచి నీళ్లు కారడం, స్విచ్ వేయగానే మెయిన్ పడిపోవడం.. వీటిలో ఏది కనిపించినా పావుగంట పరీక్షలు అక్కర్లేదు. ప్లగ్గు తీసి మెకానిక్‌ను పిలవాల్సిందే. బెల్టు, మోటారు కార్బన్ బ్రష్‌లు, తలుపు తాళం, నీటి మట్టం చూసే స్విచ్, బోర్డు ఆయన పనులే. ఫోనులోనే ఏ దశలో ఆగింది, ఏ అక్షరాలు వచ్చాయి, మోడల్ నంబరెంత చెబితే కావాల్సిన సామాను వెంట తెచ్చుకుంటారు. రెండోసారి రావాల్సిన పని తప్పుతుంది. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి, బిల్లు రాయించుకోండి.

కొన్నది అక్కడ.. ఉంటున్నది ఇక్కడ
కర్నూలులోనో, అనంతపురంలోనో, శ్రీకాకుళంలోనో కొని సారెతోపాటు ఇటు పంపిన మెషిన్లు సరిహద్దు ఊళ్లలో ఎన్నో. గ్యారంటీలోనే పాడైనా ‘కొన్న ఊళ్లో అడగండి’ అని తిప్పిపంపితే ఊరుకోనక్కర్లేదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం కొన్నవాళ్లు నివసించే చోటో, పనిచేసే చోటో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఎక్కడ కొన్నారన్నది అడ్డు కాదు. వస్తువుకు చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. రెండేళ్లలోగా వేయాలి. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. కావాల్సిందల్లా బిల్లు, గ్యారంటీ కార్డు. పెళ్లివారి హడావుడిలో ఆ కాగితాలు పుట్టింట్లోనే ఉండిపోతుంటాయి. ఈసారి వెళ్లినప్పుడు అడిగి తెచ్చుకోండి.

నెలకోసారి ఫిల్టరు, మూడు నెలలకోసారి జాలీ, సున్నం. జేబులు తడిమి బట్టలు వేయడం రోజూ. ఉతుకయ్యాక కొళాయి కట్టేసి, ప్లగ్గు తీసి, తలుపు కాస్త తెరిచి ఉంచడం.. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం డ్రమ్ములోకి దూరకుండా మూసే ఉంచాలి. ఇంత చేస్తే మెషిన్ మధ్యలో ఆగడం పూర్తిగా పోదు గానీ, ఆగినప్పుడు కారణం వెతుక్కోవడం సులువవుతుంది.